నలభై ఏడో నంబరు ఇల్లు

కూరల కొట్టు దగ్గరికి రాగానే దోహా వాళ్ళమ్మ కొడుకును కుడి చేతి నుంచి ఎడమ చేతికి మార్చుకుంది. కొట్టు కుడివైపుంది.

ఓక్‌బున్ చూసింది. ఉడికించిన పాలకూరను పిండుతున్న చేతులు ఆగాయి. వేళ్ళ సందుల్లోంచి ఆకుపచ్చ నీళ్ళు గిన్నెలోకి కారుతున్నాయి.

"దోహా అమ్మా, గుడ్డు చుట్టలు ఇప్పుడే దించాను."

"ఇంట్లో ఉన్నాయాంటీ," అంది ఆమె నడక ఆపకుండా. పిల్లాడు మాత్రం మెడ తిప్పి గాజు పెట్టె వైపు చూస్తూనే వెళ్ళాడు.

కిందటి నెల దాకా ఈ మనిషే ఇక్కడ నిలబడి, "మావాడు మీ గుడ్డు చుట్ట తప్ప ఇంకేం ముట్టడాంటీ, నాకు వంట రాదని ఊరంతా తెలిసిపోతోంది" అని నవ్వేది. ఆమె ఒక్కతే కాదు. కొండ కింద కొత్త అపార్ట్‌మెంట్ల నుంచి పిల్లల్ని పై గ్రంథాలయానికి తీసుకొచ్చే తల్లులు ఒక్కొక్కరే తగ్గిపోయారు. ముసలివాళ్ళు వస్తున్నారు. ఒంటరి మగవాళ్ళు వస్తున్నారు. పిల్లల తల్లులే రావడం లేదు.

ఓక్‌బున్‌కు అరవై దాటాయి. కొరియాలోని ఇంచోన్‌లో ఈ కొండ గల్లీలో వండిన కూరలు అమ్ముతూనే సగం జీవితం గడిపింది. కూరలో వెంట్రుక వచ్చిందని ఎవరైనా పుకారు పుట్టించారేమోనని మొదటి అనుమానం. గాజు పెట్టె రెండుసార్లు కడిగింది. తలకు వల టోపీ పెట్టుకుంది. ఎవరూ తిరిగి రాలేదు. రెండో అనుమానం కింద కొత్తగా తెరిచిన సూపర్‌మార్కెట్ మీద. వెళ్ళి వాళ్ళ గుడ్డు చుట్ట కొని, అక్కడే నిలబడి తిని చూసింది. రబ్బరులా ఉంది. దీనికోసం పిల్లలు తనని వదులుకోరు.

అయితే మరేమిటి?

"అమ్మమ్మా, పైన అంకుల్‌కి పొగరు," అంటూ గారం సోయా ముద్ద గిన్నెను బల్ల మీద పెట్టింది.

గారం ఆమె మనవరాలు. పక్క పేటలో ఉంటుంది, అక్కడి బడిలోనే మూడో తరగతి. కూతురు ఆసుపత్రిలో డ్యూటీ దిగి వచ్చేదాకా బడి వ్యాను పిల్లను ఇక్కడ దింపి పోతుంది. డాబా మీద జాడీల్లోంచి సోయా ముద్ద తీసుకురావడం పిల్లకు ఇష్టమైన పని.

"ఏం చేశాడు?"

"నమస్తే అన్నా. నన్ను చూసి గదిలోకి పోయి తలుపేసుకున్నాడు. గడియ కూడా పెట్టాడు, నాకు వినపడింది."

"తెల్లారకముందే లేచి చేపల గిడ్డంగిలో పెట్టెలు మోసి వస్తాడు. నిద్రొస్తుంటుంది పాపం."

"ప్రతిసారీనా?"

ఓక్‌బున్ పట్టించుకోలేదు. డాబా మీది గదిలో అద్దెకుండే యోమ్ మీద ఆమెకు గురి. నలభై దాటిన ఒంటరివాడు. వేసవి చివర్లో దిగాడు. తాగుడు లేదు, గొడవ లేదు. క్యాబేజీ బండి వచ్చిందంటే పిలవకముందే మెట్లు దిగి బస్తా భుజాన వేసుకుంటాడు. అతను దిగిన కొత్తలో పొట్టి క్రాపుల మగవాళ్ళిద్దరు వచ్చి, పైకెళ్ళి, కాసేపటికే దిగిపోయారు. "చుట్టాలా?" అని అడిగితే "తెలిసినవాళ్ళండీ" అన్నాడు నేల చూస్తూ. చుట్టాలే లేని మనిషి కాబోలని జాలిపడి ఆ సాయంత్రం ఒక డబ్బా కిమ్చీ పచ్చడి పైకి పంపింది. అప్పట్నుంచి అది అలవాటైపోయింది.

* * *

అసలు సంగతి ఎదురుగా ఉన్న మాల్‌జా సెలూన్‌లో తెలిసింది.

మాల్‌జా నీటి ట్యాంకు పక్కింటి ముసలావిడకు జుట్టు ఉంగరాలు తిప్పుతోంది. పాయ తీయడం, కాగితం చుట్టడం, గొట్టం చుట్టి రబ్బరు బిగించడం. చేతులు వాటంతటవే ఆడుతున్నాయి. నోరు అంతకంటే వేగంగా ఆడుతోంది.

"ఓక్‌బునక్కా, నీ ఫోనుకేమైనా వచ్చిందా?"

"ఏం రావాలి?"

"ఆడపిల్లల్నీ చిన్నపిల్లల్నీ పాడుచేసి జైలుకెళ్ళొచ్చినోడు పేటలో దిగితే కబురు పంపుతారు కదా. ఫొటో, పేరు, ఇల్లు అన్నీ వేసి. పిల్లలున్న ఇళ్ళకే వస్తుందట. మనలాంటి ముసలి కొంపలకు ఎవడు పంపుతాడు?"

ఓక్‌బున్ చేతిలో కాఫీ కప్పు ఆగింది. గారం పేరు ఉన్నది పక్క పేటలో, వాళ్ళమ్మ ఇంటి మీద. ఇక్కడికి ఏ కబురూ రాదు.

"నీకెవరు చెప్పారు?"

"దోహా వాళ్ళమ్మ. పిల్లాడి ముందు జుట్టు కత్తిరిస్తుంటే నోరు జారింది. 'ఈ గల్లీలోనే, నలభై ఏడు' అంది. అంతే. ఎవరు, ఎలా ఉంటాడు అంటే చెప్పకూడదట. ఫొటో తీసి ఎవరికైనా పంపితే కేసట. కత్తెర పక్కన పెట్టి బతిమాలాను. ఊహూ. పెదాలు కుట్టేసుకుంది."

"కంప్యూటర్‌లో అందరూ చూడొచ్చంటారు కదే."

"చూద్దామనే కూర్చున్నా. ముందు నువ్వు నువ్వేనా అని అడుగుతుంది. నా ఫోనేమో మా పెద్దోడి పేరు మీదుంది. పేరు కొట్టాను, పుట్టిన తేదీ కొట్టాను. నేను నేను కాదు పొమ్మంది. అరవై ఏళ్ళొచ్చాక తెలిసింది అక్కా, నేను మా పెద్దోణ్ణని."

ముసలావిడ నవ్వింది. ఓక్‌బున్ నవ్వలేదు.

"చేసినోళ్ళందరి ఫొటోలూ పెట్టరట," అంది మాల్‌జా ఇంకో పాయ తీస్తూ. "మళ్ళీ చేసేలా ఉన్నాడా లేదా అని మార్కులేస్తారట. తక్కువ, మధ్యరకం, ఎక్కువ. ఆ మార్కులు చూసి జడ్జి పెట్టమంటేనే పెడతారు."

"మరి తక్కువొచ్చినోళ్ళు ఎక్కడుంటారే?" అంది ముసలావిడ.

"ఎక్కడో ఉంటారు."

"ఎక్కడో అంటే ఇక్కడ కూడా ఎక్కడోనే కదా."

మాల్‌జా రబ్బరు బిగించింది. అద్దంలో ముగ్గురూ ఒకరినొకరు చూసుకున్నారు.

"ముందు ఎక్కువొచ్చినోడి సంగతి చూద్దాం," అంది మాల్‌జా. "నలభై ఏడంటే పచ్చ గేటు ఇల్లు. పైవాటా ఎప్పటినుంచో ఖాళీ. కింద సగం నేలలోకి దిగిన గదిలో ఉన్నది ఒక్కడే."

పేరు ఎవరూ అనలేదు. అనక్కర్లేదు. పచ్చ గేటు పక్కన ఇటుక గోడ మీద ఎప్పుడో నల్లరంగుతో రాసిన 47 ఆ గల్లీలో అందరికీ కంఠతా వచ్చు.

* * *

పచ్చ గేటు నేలగదిలో ఉండే ప్యో రోజూ చీకటి పడకముందే కొట్టుకు వస్తాడు. యాభై దాటిన మనిషి. ముఖానికి మాస్కు, కళ్ళ మీదికి టోపీ. తామరదుంప కూర ఒకటి, మొలకల పులుసు ఒకటి. ఎప్పుడూ అవే. ఇన్నాళ్ళూ ఓక్‌బున్‌కు అది రుచి తెలిసిన మనిషి లక్షణంగా కనిపించింది. ఇవాళ అదే ముఖం దాచుకునే మనిషి తొందరలా కనిపించింది.

"లెక్కలా?" అన్నాడు ప్యో, లోపలి బల్ల దగ్గరున్న గారం వైపు వంగి చూస్తూ. "ఏడో ఎక్కం దాకా వచ్చావా?"

"తొమ్మిదోది కూడా వచ్చు," అంది గారం.

"అబ్బో." చెయ్యి ఊపాడు. గారం తిరిగి ఊపింది.

ఓక్‌బున్ గరిటె పట్టుకున్న చేతిని గాజు పెట్టెకు అడ్డంగా పెట్టింది. అంతకుముందు కూడా అతను ఇలాగే వంగి చూశాడా? చెయ్యి ఊపాడా? ఊపే ఉంటాడు. తనే చూడలేదు.

మర్నాడు సాయంత్రం కొట్టు మీద గుడ్డ కప్పి, మాల్‌జాను వెంటబెట్టుకుని అతని వెనక దిగింది. ఇద్దరూ ఉల్లికాడల కట్ట కొనడానికి వెళ్తున్నట్టు సంచులు పట్టుకున్నారు. ప్యో గల్లీ దిగి, మలుపు తిరిగి, కింద పిల్లల ట్యూషన్ భవనం ముందు ఆగాడు. గోడకు ఆనుకున్నాడు. చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు. తలుపులు తెరుచుకుని పిల్లలు గుంపుగా బయటపడ్డారు. అతని చుట్టూ అరుస్తూ, తోసుకుంటూ పరిగెడుతున్నారు. అతను కదల్లేదు. టోపీ కింద నుంచి చూస్తూనే ఉన్నాడు.

"చూశావా?" అంది మాల్‌జా ఆమె మోచెయ్యి గిల్లుతూ.

"చూశాను."

"ఇంకా చూడాలా?"

"చాలు. పద."

ఇంకొంచెంసేపు నిలబడి ఉంటే వాళ్ళు ఇంకొకటి కూడా చూసేవాళ్ళు. నిలబడలేదు.

ఆ మర్నాడు ప్యో వచ్చేసరికి గాజు పెట్టెలో తామరదుంపల పళ్ళెం నిండుగా ఉంది. సోయా పాకంలో ముక్కలు నల్లగా మెరుస్తున్నాయి. వాటి చిల్లుల్లో నువ్వులు ఇరుక్కుని ఉన్నాయి. ఓక్‌బున్ మధ్యాహ్నమంతా సన్నని మంట మీద వాటిని తిప్పుతూనే ఉంది.

"తామరదుంప ఒకటి, పులుసు ఒకటి."

"అయిపోయాయి," అంది ఓక్‌బున్.

ప్యో పళ్ళెం వైపు చూశాడు. ఆమె వైపు చూశాడు. మళ్ళీ పళ్ళెం వైపు చూశాడు. లోపలి బల్ల దగ్గర గారం తలెత్తింది.

"అమ్మమ్మా, ఉన్నా..."

"నువ్వు చదువుకో."

ప్యో మాస్కు కొంచెం పైకి జరుపుకున్నాడు. "సరేనండీ" అన్నాడు. గొంతులో కోపం లేదు. అంతవరకూ ఎన్నో చోట్ల విని అలవాటైన మాటలా తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ కోపం లేకపోవడమే సాక్ష్యం అనుకుంది ఓక్‌బున్. తప్పులేనివాడైతే అడగడూ?

పచ్చ గేటు ఇంటి యజమాని ఊళ్ళో ఉండడు. మాల్‌జా ఫోన్ చేసింది. పేరు పెట్టలేదు, కబురు సంగతి ఎత్తలేదు. "గల్లీలో ఆడవాళ్ళం భయంతో బతుకుతున్నామండీ, ఇల్లు మీది, చెడ్డపేరు కూడా మీదే అవుతుంది" అంది. చాలు. వారం తిరక్కముందే చిన్న ట్రక్కు వచ్చి గేటు ముందు ఆగింది.

సామాను ఏమంత లేదు. పరుపు, రైస్ కుక్కర్, అట్టపెట్టెలు, ఒక పాత ఫ్రిజ్. ఆ ఫ్రిజ్‌ను నేలగది మెట్ల మీద నుంచి ఎక్కించలేక ప్యో, డ్రైవరూ సతమతమవుతుంటే యోమ్ వెళ్ళి కింద భుజం పెట్టాడు. ఒక్కడే దాదాపు మొత్తం బరువు ఎత్తాడు. ప్యో వంగి థాంక్స్ చెప్పాడు. యోమ్ అంతకంటే ఎక్కువ వంగాడు, లేవడానికి చాలాసేపు పట్టింది.

సెలూన్ గుమ్మంలో మాల్‌జా అంది: "మీ యోమ్ మంచోడక్కా. అలాంటోడికి కూడా సాయం పట్టాడు."

"అందుకే ఉంచుకున్నాను," అంది ఓక్‌బున్.

ఆ రాత్రి ఆమెకు హాయిగా నిద్రపట్టింది. పిల్లల తల్లులు ఇక తిరిగి వస్తారు.

రాలేదు.

* * *

శీతాకాలం కిమ్చీ పెట్టే రోజు ఓక్‌బున్ కొట్టు వెనక పెరడంతా క్యాబేజీలే. ముందురోజే చీల్చి రాతి ఉప్పులో ఊరబెట్టినవి. మాల్‌జా, ట్యాంకు ముసలావిడ రబ్బరు తొడుగులు వేసుకుని పెద్ద బేసిన్ల మీద కూర్చున్నారు. ఆకు ఆకు మధ్య కారం ముద్ద దట్టించడం, బయటి ఆకు చుట్టి మూట కట్టడం. మధ్యమధ్య లేత ఆకొకటి చుట్టి ఒకరి నోట్లో ఒకరు పెడుతున్నారు.

"ఉప్పు చాల్లేదక్కా."

"నీ నాలుకకి ఎప్పుడు చాలింది?"

కారంలో కలిపే చేపల ఊట ఇంకా రాలేదు. మామూలుగా తెచ్చే మనిషి నడుం పట్టేసి మంచంలో ఉన్నాడట, ఎవరో కొత్తవాడు బయల్దేరాడు. ఓక్‌బున్ చేతులు తుడుచుకుని గల్లీలోకి వచ్చేసరికి ఒక నడివయసు మనిషి డబ్బా భుజాన పెట్టుకుని రొప్పుతూ కిందనుంచి వస్తున్నాడు.

"నలభై ఏడు ఎక్కడండీ?"

"అదిగో, పచ్చ గేటు. కానీ అక్కడెవరూ లేరు. ఖాళీ చేశారు."

"అక్కణ్ణుంచే వస్తున్నా. అక్కడ పలక మీద యాభై ఎనిమిదుంది."

"గోడ మీద నలభై ఏడని రాసుంటుంది చూడు."

"అది ఏ కాలం నాటి నంబరమ్మా? స్థలం నంబరది. ఇప్పుడా నంబర్లతో మాకేం పని?" అతను డబ్బా దించి చెమట తుడుచుకున్నాడు. చీటీ చూశాడు. ఆమె కొట్టు ముందు గోడ మీద తాడుకు ఎండబెట్టిన ముల్లంగి ఆకుల కట్టలు వేలాడుతున్నాయి. ఏటా చలికాలం మొదట్లో ఆమె అక్కడే కడుతుంది. కిందటి చలికాలానివి కొన్ని ఇంకా ఉన్నాయి. అతను చెయ్యి పెట్టి ఒక కట్టను పక్కకు తోశాడు. ఎండుటాకులు పొడిగా రాలాయి.

వెనక నీలం పలక ఉంది. వీధి పేరు. కింద 47.

"ఇదిగో. మీ ఇల్లే కదమ్మా. ఎక్కడ పెట్టమంటారు?"

ఓక్‌బున్ లోపల పెట్టమంది. నోటితో అన్నదో చేత్తో చూపించిందో ఆమెకే తెలియదు. ప్రభుత్వం వీధులకు కొత్త పేర్లు పెట్టి పలకలు కొట్టించిన సంగతి తెలుసు. ఆ రోజు మేకులు కొడుతుంటే గోడ పెచ్చులూడుతుందని అరిచింది కూడా. పన్ను కాగితాలు కూతురు చూస్తుంది. పోస్టుమాన్ పేరు చూసి ఇస్తాడు. సరుకులవాళ్ళు కూరల కొట్టు అంటే వచ్చేస్తారు. అరవై దాటినవాళ్ళకు ఈ గల్లీలో ఇళ్ళన్నీ పాత నంబర్లతోనే ఉన్నాయి. తన ఇల్లు ముప్పై ఒకటి. పుట్టినప్పటి నుంచి ముప్పై ఒకటే.

తలెత్తి చూసింది. డాబా మీద తీగకు యోమ్ పని దుస్తులు ఆరేసి ఉన్నాయి.

పెరట్లోంచి మాల్‌జా కేక వేసింది. "అక్కా, ఊట వచ్చిందా లేదా? కారం ఎండిపోతోంది."

"వచ్చింది," అంది ఓక్‌బున్. లోపలికి వెళ్ళి గారం వాళ్ళమ్మకు ఫోన్ చేసింది. ఇవాళ పిల్లను ఇటు దింపవద్దంది. ఎందుకని అడిగితే, ఇల్లంతా కారం ఘాటుగా ఉందంది.

* * *

దోహా వాళ్ళమ్మ అపార్ట్‌మెంట్ చెత్త వేరుచేసే చోట అట్టపెట్టెలు మడుస్తోంది. ఓక్‌బున్‌ను చూసి ఒక అడుగు వెనక్కి వేసింది. ఓక్‌బున్ చేతులు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

"ఒక్క మాట చెప్పమ్మా. మా ఇల్లేనా?"

"ఆంటీ, నేను చెప్పకూడదు."

"పేరు చెప్పొద్దు. ఏమీ చూపించొద్దు. నా మనవరాలు రోజూ ఆ మెట్లెక్కుతుంది. నేనే పంపుతున్నాను. మా ఇల్లేనా?"

ఆమె మడిచిన అట్టను ఊరికే మళ్ళీ మడిచింది. "అంటే మీకు తెలియదా?"

"నాకెవరు చెప్పారని?"

"మీకు తెలుసనుకున్నాం. అద్దె కోసం తెలిసే ఉంచుకున్నారనుకున్నాం. ఆయన గురించి మీరు అందరితో మంచోడు మంచోడంటుంటే..." ఆమె చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "ఆ కబురులో ఏం చేశాడో కూడా ఉంటుందాంటీ. చిన్నపిల్ల. మా దోహా కంటే కొంచెం పెద్దది. అది చదివాక మీ కొట్టు ముందు ఆగాలంటే నాకు కాళ్ళు రావట్లేదు. మీ మనవరాలు అక్కడ కూర్చుని రాసుకుంటుంటే చూసి, ఈవిడ ఎలాంటి మనిషి అనుకున్నాను."

"ప్యో గారిని పంపించేసినప్పుడు నువ్వు..."

"ప్యో గారెవరు?" అంది దోహా వాళ్ళమ్మ.

* * *

మెట్లెక్కుతుంటే ఓక్‌బున్ చెయ్యి పక్క కమ్మీని గట్టిగా పట్టుకుంది. డాబా మీద యోమ్ నల్ల జాడీల మూతలు తుడుస్తున్నాడు. ఎవరూ చెప్పని పని. రోజూ చేస్తాడు. ఆమె ముఖం చూసి గుడ్డ కింద పెట్టాడు. ఒంగిన నడుం నిటారు చేయలేదు.

"ఆ రోజు వచ్చిన ఇద్దరూ ఎవరు?"

"పోలీసులు."

"తెలిసినవాళ్ళన్నావు."

"తెలిసినవాళ్ళేనండీ. ఉన్నానా లేదా అని చూడటానికి వస్తుంటారు." అతను తన చేతులు చూసుకున్నాడు. "ఆ సాయంత్రమే మీరు కిమ్చీ పంపారు. వాళ్ళు కిందికి దిగుతూ మీకు చెప్పారనుకున్నాను. చెప్పాక కూడా పంపారనుకున్నాను. ఆ డబ్బా ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను."

ఓక్‌బున్ అతని ముఖంలో అబద్ధం కోసం వెతికింది. నిజమేమో. నిజం కాదేమో. క్యాబేజీ తాజాదో కాదో వేలితో నొక్కి చెప్పగలదు. ఈ ముఖాన్ని ఎక్కడ నొక్కాలో తెలియలేదు.

"పిల్ల వస్తే తలుపేసుకుంటావట."

"వేసుకుంటాను."

"ఎందుకు?"

కింద గల్లీలో ఎవరో సైకిల్ గంట కొట్టుకుంటూ పోయారు.

"వేసుకోవాలి కాబట్టి," అన్నాడు.

ఓక్‌బున్ ఒక అడుగు వెనక్కి వేసింది. ఇంతకంటే అతను దబాయించినా, ఏడ్చినా బాగుండేదనిపించింది.

"ప్యో గారి ఫ్రిజ్ మోశావు."

యోమ్ తల ఇంకా దించాడు.

"ఎందుకు పంపిస్తున్నామో నీకు తెలుసు. తెలిసి మోశావు."

"నోరు విప్పితే ఎక్కడికి వెళ్ళాలో తెలియలేదండీ." జాడీ మూతొకటి సరిచేశాడు. "ఖాళీ చేయమంటారా?"

"ఆయన్ని అడక్కుండానే పంపేశాం. నిన్ను అడిగి పంపాలో, అడక్కుండా పంపాలో నాకింకా తెలియట్లేదు." ఆమె మూత తీసి, జాడీలోంచి సోయా ముద్ద గిన్నెలోకి తీసుకుంది. కొంత నేల మీద పడింది. యోమ్ తుడవడానికి వంగబోయాడు. "వద్దు, నేను తుడుచుకుంటాను" అంది. "గారం ఇక పైకి రాదు. నువ్వూ నా కొట్టు వైపు దిగొద్దు. బస్తాలు నేను ఇంకెవరితోనైనా మోయించుకుంటాను. నీ సంగతి నా నోటితో ఎవరికీ చెప్పను, చెప్పకూడదట. నా ఇంటి నంబరు మాత్రం దాచను."

* * *

సాయంత్రం డబ్బాలో తామరదుంప కూర నింపి, మొలకల పులుసు సంచిలో కట్టి, ఓక్‌బున్ ట్యూషన్ భవనం దగ్గరికి దిగింది. అక్కడ కాకపోతే ఆయన్ని ఎక్కడ వెతకాలో ఆమెకు తెలియదు.

ప్యో అక్కడే ఉన్నాడు. అదే గోడ, అదే టోపీ. ఈసారి పక్కన ఇంకో ముగ్గురు నలుగురు మగవాళ్ళు ఒకే రంగు జాకెట్లతో నిలబడి సిగరెట్లు తాగుతున్నారు. పిల్లలు బయటికొచ్చి చెల్లాచెదురైపోయారు. ఆ రోజు ఆమె, మాల్‌జా ఇక్కడిదాకా చూసి వెనక్కి తిరిగారు. ఇప్పుడు ఓక్‌బున్ నిలబడింది. కాసేపటికి అద్దం మీద ఫ్యాక్టరీ పేరున్న బస్సు వచ్చి ఆ గోడ దగ్గరే ఆగింది. రాత్రి షిఫ్టు బస్సు.

"ప్యో గారూ."

ఆయన తిరిగాడు. ఆమె సంచి చాపింది. డబ్బా మూత మీదికి పాకం కొంచెం పొంగి ఉంది.

"తెచ్చాను. ఇప్పుడే దించాను. వేడిగా ఉంది."

ప్యో సంచిని చూశాడు. మాస్కు పైన కళ్ళు మాత్రమే కనపడుతున్నాయి. వాటిలో ఏమీ కనపడలేదు.

"అయిపోయాయన్నారు కదండీ," అన్నాడు.

బస్సెక్కి కిటికీకి దూరంగా ఉన్న సీట్లో కూర్చున్నాడు.

ఓక్‌బున్ సంచితో సహా గల్లీ ఎక్కింది. పచ్చ గేటు ముందు ఆగలేదు. కొట్టు ముందుకొచ్చి స్టూలు వేసుకుని ఎక్కి, తాడు ముడి విప్పింది. ముల్లంగాకు కట్టలు ఒక్కొక్కటే దించింది. కొత్తవి, పాతవి అన్నీ. తాడును కూడా తీసేసింది. కారం అంటిన ఏప్రన్‌తో కాకుండా శుభ్రమైన గుడ్డ తడిపి తెచ్చి, పలక మీది దుమ్మంతా తుడిచింది. వీధి దీపం వెలుగు సరిగ్గా దాని మీదే పడుతోంది.

మాల్‌జా సెలూన్ మూస్తూ గుమ్మంలో ఆగింది. చేతిలో తాళం ఉంది.

"ఆకులన్నీ తీసేశావేంటక్కా? ఇంకా ఎండలేదుగా." రెండడుగులు ముందుకొచ్చింది. పలక చదివింది. "ఇదేంటి? నీది ముప్పై ఒకటి కదా."

"పాతది ముప్పై ఒకటి," అంది ఓక్‌బున్ స్టూలు దిగుతూ.

మాల్‌జా పెదాలు కదిలాయి. లెక్క చూసుకుంటున్నట్టు కింది మలుపు దగ్గరి చీకటి గేటు వైపు చూసింది. తర్వాత మెల్లగా తలెత్తి డాబా మీది గది కిటికీ వైపు చూసింది. అక్కడ దీపం వెలుగుతోంది. చివరికి ఓక్‌బున్ వైపు తిరిగింది. ఆ చూపు ఓక్‌బున్‌కు తెలిసిందే. కిందటి నెల నుంచి పిల్లల తల్లులు అలాగే చూస్తున్నారు.

"నీకు తెలుసా అక్కా?" అంది మాల్‌జా. "ముందే తెలుసా?"

ఓక్‌బున్ సంచిలోని డబ్బా తీసి, తామరదుంపలను మళ్ళీ గాజు పెట్టెలో పళ్ళెంలోకి ఒంపి, లైటు వేసింది.